దుంగ వయసు, ఊరి వయసు

ఖంభాత్ సింధుశాఖ అడుగున 9,500 ఏళ్ల నాటి మహానగరం ఉందన్న కథ మళ్ళీ షికారు చేస్తోంది. ఎక్కడిదీ అంకె? జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు సోనార్‌తో చూసి, అడుగు నుంచి దేవి తీసిన సామానులో ఓ చెక్క ముక్క ఉంది. దానికి కార్బన్ పరీక్ష చేశారు. 2002 జనవరిలో కేంద్రమంత్రి మురళీ మనోహర్ జోషి ఫలితం ప్రకటించారు. అంతే, దుంగ వయసు ఊరి వయసైపోయింది!

కార్బన్ పరీక్ష ఆ చెక్క పెరగడం ఎప్పుడు ఆగిందో చెప్తుంది. దాన్ని ఎవరైనా నరికారా, వరదకి కొట్టుకొచ్చిందా అన్నది చెప్పాల్సింది మట్టి పొర. ఏ గోడ పక్కన, ఏ కుండపెంకుతో కలిసి దొరికిందన్నది ముఖ్యం. దేవి తీసిన దానికి పొరెక్కడిది? పైగా అది నర్మద, తపతి, మహి, సబర్మతి వచ్చి కలిసే చోటు. నా యాప్‌లో 2009 నాటి లైబ్రరీ ఉంటే, యాప్ 2009లోనే పుట్టిందంటారా?

అదే గుజరాత్‌లో ధోలావీరాని ఏళ్ల తరబడి పొర పొరగా తవ్వారు. సుమారు అయిదు వేల ఏళ్ల నాటిది, జలాశయాలతో సహా కళ్లెదుట ఉంది. అది చాలట్లేదు మనకి, ఇంకో నాలుగు వేలు కావాలి.

ఈ కథ పంపిన మా బావనే అడిగా, "ఇంతకీ ఆ చెక్క ఏ గోడలోది?" అని.

"నీకు దేశమంటేనే పడదు" అన్నాడు.