పెట్టెకు పూచీ ఎవరిది?

ప్లాస్టిక్, పాలియెస్టర్ ముడిసరుకుల్లో 14 రకాలపై ఉన్న నాణ్యత నియంత్రణ ఉత్తర్వులను కేంద్రం 2025 నవంబరులో ఎత్తేసింది. హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో అచ్చులు పోసే చిన్న యూనిట్లకు ఇది ఊరటే. ధ్రువీకరించిన సరుకు కోసం తిరగడం, దొరికినా ధర గిట్టకపోవడం వంటి వాళ్ల ఇబ్బందులు నిజమైనవే. దానితో మాకు పేచీ లేదు. పేచీ అంతా ఈ ఉపసంహరణకు చెబుతున్న సమర్థనతోనే. ముడిసరుకుకు ప్రమాణాలెందుకు, వినియోగదారు చేతికొచ్చే వస్తువు నాణ్యత చూస్తే చాలదా అంటున్నారు. నీతి ఆయోగ్ సభ్యుడు రాజీవ్ గౌబా కమిటీ సిఫార్సుల వెనుక ఉన్నదీ ఈ తర్కమే. చేతికొచ్చే వస్తువును నిజంగా ఎవరైనా చూస్తుంటే ఈ మాటకు విలువ ఉండేది.

వాద్యాల పెట్టెనే తీసుకుందాం. ఆటబొమ్మకు 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అదే ఏడాది జూన్ నుంచి ద్విచక్రవాహనదారుల హెల్మెట్‌కూ అంతే. వీణనో వయొలిన్‌నో కీబోర్డునో మోసే పెట్టెకు మాత్రం అలాంటి నిబంధన ఏదీ లేదు. ఎంత ఎత్తు నుంచి పడితే తట్టుకోవాలి, బందు ఎన్నిసార్లు తెరిచి మూసినా నిలవాలి, లోపలి స్పాంజి ఎంత మందం ఉండాలి? అడిగే అధికారి లేడు. ముడిసరుకు దగ్గర కాపలా తీసేశారు. తయారైన పెట్టె దగ్గర కాపలా ఎన్నడూ లేదు. అలాంటప్పుడు ‘చివరి వస్తువును చూస్తే చాలు’ అనడం జనాన్ని మభ్యపెట్టడమే.

దుకాణంలో పెట్టె తెరిచి చూస్తే సంగతి తెలుస్తుంది. ఒకప్పుడు ప్లైవుడ్ మీద రెగ్జిన్ అతికించి, మూలలకు రేకు కొట్టి, బందులకు మరలు బిగించేవారు. బరువుగా ఉన్నా ఏళ్ల తరబడి మన్నేవి. ఇప్పుడు చౌకగా వస్తున్నవాటిలో పలచటి ప్లాస్టిక్ డొల్లకు రివిట్లు కొట్టి వదిలేస్తున్నారు. పిడి పట్టి కొన్నాళ్లు మోసేసరికి రివిట్ చుట్టూ డొల్ల చీలుతుంది. మే నెల ఎండలో కారు డిక్కీలో ఉంచితే జిగురు మెత్తబడి లోపలి గుడ్డ ఊడి వస్తుంది. స్పాంజి పొడిపొడిగా రాలి వాద్యానికి అంటుకుంటుంది.

వీణకైతే నష్టం ఇంకా పెద్దది. పనస కర్రతో చేసే బొబ్బిలి వీణ దండి మీద మైనం పోసి, దాని మీద 24 మెట్లు నిలబెడతారు. పెట్టెలో దండి కింద ఆసరా సరిగా లేకపోతే గట్టి కుదుపుకు మైనం పగులుతుంది, మెట్టు కదులుతుంది, స్వరస్థానం తప్పుతుంది. మెట్లు సరిచేయించి మళ్లీ మేళం కట్టించాల్సిందే. ఆ పని తెలిసినవాళ్లు ఎక్కడపడితే అక్కడ దొరకరు. ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి నత్తనడక నడిచిన ఉప్పల్-నారపల్లి దారిలో, ఆటోలో వీణ పెట్టుకుని రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రానికి వచ్చే కళాకారుణ్ని అడగండి, కుదుపంటే ఏమిటో చెబుతారు.

నాణ్యత పట్టని ప్రభుత్వానికి పన్ను మాత్రం పట్టింది. చేత్తో చేసిన దేశీ వాద్యానికి జీఎస్టీ లేదు. దాని ఆకారానికి తగ్గట్టు చేసిన పెట్టెను వాద్యంతో కలిపి అమ్మితే వాద్యం కిందే లెక్క. ఆ పెట్టె విరిగి మరొకటి విడిగా కొంటే సూట్‌కేసులతో పాటు పన్ను పట్టికలో 4202 శీర్షిక కిందికి వచ్చి 18 శాతం కట్టాలి. నాసిరకం పెట్టె ఎన్నిసార్లు విరిగితే ఖజానాకు అన్నిసార్లు రాబడి. ఇది అన్యాయం.

వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువు వల్ల మరో ఆస్తికి జరిగిన నష్టానికీ తయారీదారు, కొన్ని సందర్భాల్లో అమ్మకందారు బాధ్యత వహించాలి. కానీ ప్రమాణమే లేనిచోట లోపమని దేన్ని చూపాలి? పెట్టె మీద తయారీదారు చిరునామా లేకపోతే అతనికి నోటీసు ఎక్కడికి పంపాలి?

భారతీయ ప్రమాణాల సంస్థ వాద్యాల పెట్టెలకు వెంటనే ప్రమాణం రాయాలి. ప్లాస్టిక్‌ను పరీక్షించే సీపెట్ నాచారానికి పక్కనే చర్లపల్లిలో ఉంది, దాని సేవలు వాడుకోవాలి. ప్రతి పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల చెరగకుండా ముద్రించాలి. దేశీ వాద్యాల పెట్టె విడిగా కొన్నా పన్ను ఉండకూడదు. కొనేవాళ్లు బిల్లు లేకుండా పెట్టె తీసుకోవద్దు. లోపం ఉండి దుకాణం వెనక్కి తీసుకోనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. ప్రమాణం రాయడం చేతకాకపోతే, చివరి వస్తువు నాణ్యత చూస్తే చాలన్న వాదనను కేంద్రం బహిరంగంగా వెనక్కి తీసుకోవాలి.