నాట్ల నాటికి లివరు పట్టాలి

వానాకాలం వరి కోతలు అయిపోవస్తున్నాయి. వడ్లు కల్లాల మీద, కొనుగోలు కేంద్రాల్లో ఉన్నాయి. ఇంకోపక్క యాసంగి నారుమళ్లు తయారవుతున్నాయి. ఇంకొన్ని రోజులు పోతే సదాశివనగర్ మండలంలో ఏ ఊరికి పోయినా కరిగెటల్లో ట్రాక్టర్ల మోతే. బోరు నీళ్లు, కరెంటు, విత్తనం, యూరియా గురించి మనం ఇప్పటికే మాట్లాడుకుంటున్నాం. మాట్లాడుకోనిది ఒకటుంది. అది ట్రాక్టర్ సీటు పక్కన ఉండే ఫోర్‌వీల్ లివరు.

ఇదేదో ట్రాక్టర్ ఓనర్ల ముచ్చట, సంఘం పత్రికలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ ఆ లివరు పని చేయని రోజున ఎక్కువ నష్టపోయేది ట్రాక్టర్ లేని రైతే. ఎకరం, రెండెకరాలు ఉన్నవాళ్లు, కౌలు చేసుకునేవాళ్లు ట్రాక్టర్ కొనలేరు. కిరాయికి పిలుచుకుంటారు. వరుసలో నిలబడతారు. ముందు పొలంలో బండి ఆగిపోతే వెనుక పదిమంది కరిగెటలు ఆగిపోతాయి. మడికి పెట్టిన నీళ్లు ఇంకిపోతాయి, మళ్లీ బోరు నడపాలి. కూలీలకు చెప్పిన రోజు తప్పుతుంది. నారు ముదురుతుంది, ముదిరిన నారుకు పిలకలు తగ్గుతాయి. యాసంగిలో నాటు వెనకపడితే గింజ పాలు పోసుకునే సమయం ఎండల్లోకి జరుగుతుంది. తాలు పెరుగుతుంది, మిల్లులో నూక పెరుగుతుంది. ఒక బండి ముందు ఇరుసులో పోయిన సీలు ఇంతదూరం వస్తుంది. అందుకే ఇది మనందరి ముచ్చట.

వాడకపోతే చెడిపోదా?

ఫోర్‌వీల్ బండి కొనేటప్పుడు రెండు చక్రాల బండి కంటే ఎక్కువ డబ్బు పోస్తాం. కారణం ఒక్కటే, బురదలో దిగబడకుండా లాగుతుందని. కానీ ఏడాదిలో ఆ లివరు వేసే రోజులు ఎన్ని? వానాకాలం కరిగెటలు, యాసంగి కరిగెటలు, మధ్యలో ఎప్పుడైనా లోడుతో దిగబడ్డప్పుడు. మిగతా రోజుల్లో మక్క చేలల్లో కల్టివేటర్, సోయా విత్తడం, ఎరువు తోలడం, చెరకు తోలడం. వీటిలో ఎక్కువ పనికి వెనుక చక్రాలే చాలు. దాంతో ముందు ఇరుసును మరిచిపోతాం. "వాడనిదానికి ఏమైతది" అనుకుంటాం.

ఇక్కడే ఒక సంగతి అందరికీ తెలియాలి. లివరు తీసేసినా చాలా ట్రాక్టర్లలో ముందు ఇరుసు లోపలి గేర్లు తిరుగుతూనే ఉంటాయి. ముందు చక్రాలు రోడ్డు మీద దొర్లుతుంటే, అవే లోపలి గేర్లను, క్రౌన్ పినియన్‌ను, వెనక్కి వచ్చే షాఫ్టును తిప్పుతాయి. లివరు తీసేస్తే గేర్‌బాక్సు దగ్గర ఉన్న జోడు మాత్రమే విడిపోతుంది. అంటే ఫోర్‌వీల్ ఒక్క రోజు వాడకపోయినా, నిజామాబాద్ రోడ్డు మీద బండి తిరిగిన ప్రతి కిలోమీటరుకూ ఆ ఇరుసులో నూనె పాతబడుతూనే ఉంటుంది. వాడలేదు కదా అని నూనె మార్చకుండా మూడు నాలుగేళ్లు నడిపే బండ్లు ఈ కారణంగానే దెబ్బతింటాయి.

నిజంగా కదలకుండా పడి ఉండేవి వేరే ఉన్నాయి. లివరు, దాని కింది కడ్డీలు, పిన్నులు, గేర్‌బాక్సు దగ్గర జారి పట్టుకునే కప్లింగు. నెలల తరబడి కదలకపోతే కడ్డీలకు తుప్పు పడుతుంది, గ్రీజు ఎండి గట్టిపడుతుంది. అప్పుడు లివరు వేసినా కప్లింగు సగమే పడుతుంది. సగం పట్టిన పళ్ల మీద బురదలో మొత్తం బరువు పడితే పళ్ల అంచులు అరుగుతాయి. ఆ తర్వాత లివరు వేసినా జారిపోతుంది. షెడ్డులో కదలకుండా నిలబెట్టిన బండికి ఇంకో సమస్య. నూనెకు పైన తేలి ఉన్న పళ్లకు తేమ పట్టి తుప్పు వస్తుంది. ఒకేచోట ఒత్తుకుని ఉన్న సీళ్ల పెదవులు గట్టిపడతాయి.

వరద నీళ్లు ఇరుసులో ఉండొచ్చు

ఈసారి ఇంకో జాగ్రత్త కూడా అవసరం. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో మన కామారెడ్డి జిల్లాను ముంచిన వానలు మరిచిపోయేవి కావు. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. రైలు పట్టాల కింది కంకరే కొట్టుకుపోయింది, 44వ నంబరు జాతీయ రహదారి దెబ్బతింది, పొలాల్లో ఇసుక మేటలు వేసింది. ఆ రోజుల్లో నీళ్లలో నిలబడిన, నీళ్లలో నడిచిన ట్రాక్టర్లు ఎన్నో. ఇంజిన్‌లోకి నీళ్లు పోయాయేమోనని చూపించుకున్నవాళ్లు ఉన్నారు. ముందు ఇరుసు సంగతి ఎంతమంది చూశారు?

ఇరుసు మీద గాలి ఆడడానికి చిన్న బ్రీదర్ ఉంటుంది. నడిచి వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ నుంచి, అరిగిన సీళ్ల నుంచి నీటిని లోపలికి పీలుస్తుంది. అదే బ్రీదర్ మట్టితో మూసుకుపోతే లోపలి ఒత్తిడికి సీళ్లు బయటికి తన్ని నూనె కారుతుంది. రెండు విధాలా నష్టమే. కరిగెటలో కూడా ఇదే జరుగుతుంది. దానికి తోడు గడ్డి, ప్లాస్టిక్ తాళ్లు, గడ్డి కట్టలు కట్టే దారం ముందు ఇరుసుకు చుట్టుకుని సీలును కోసేస్తాయి.

నీళ్లు చేరాయో లేదో తెలుసుకోవడానికి పెద్ద మెకానిక్ అక్కర్లేదు. రాత్రంతా బండిని కదలకుండా ఉంచండి. తెల్లారి బండి కదిలించకముందే ఇరుసు కింది డ్రెయిన్ బోల్టును కొంచెం వదులు చేయండి. నీళ్లు నూనె కంటే బరువు కాబట్టి ఉంటే ముందు అవే వస్తాయి. నూనె పాలు కలిపిన చాయ రంగులో ఉన్నా నీళ్లు కలిసినట్లే. ఇనుప రజను కనిపిస్తే గేరో, బేరింగో అరుగుతున్నట్లు. ముందు ఇరుసుకు నడిమధ్యనే కాకుండా రెండు చక్రాల దగ్గర కూడా విడిగా నూనె ఉండే బండ్లు ఉన్నాయి. అక్కడా చూడాలి. వరదలో మునిగిన బండి అయితే ఒకసారి నూనె మార్చి, కొంచెం నడిపి, మళ్లీ మార్చడం మంచిది.

రోడ్డు మీద లివరు వేయొద్దు

పొలంలో బాగున్న ఫోర్‌వీల్‌ను చాలాసార్లు పాడుచేసేది రోడ్డు. అడ్లూర్ ఎల్లారెడ్డి ఫ్యాక్టరీకి చెరకు తోలే రోజులు ఇవి. పొలంలోంచి లోడు బయటికి లాగడానికి లివరు వేస్తాం, అది సరైనదే. రోడ్డెక్కినాక తీయడం మరిచిపోతాం. ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే కొద్దిగా వేగంగా తిరిగేలా కంపెనీలో గేర్లు పెడతారు. బురదలో ఆ తేడా జారుడులో పోతుంది. డాంబరు రోడ్డు మీద జారడానికి చోటు లేదు. ఆ గుంజులాట అంతా టైర్ల మీద, షాఫ్టు మీద, క్రౌన్ పినియన్ మీద పడుతుంది. లివరు తీద్దామన్నా బిగుసుకుపోయి రాదు. అప్పుడు సుత్తితో కొట్టొద్దు. బండిని కొద్దిగా వెనక్కి నడిపితే బిగువు వదిలి లివరు వస్తుంది.

టైర్ల లెక్క కూడా ఇందులోదే. ముందు టైర్లు మాత్రం మార్చి, దొరికిన సైజు వేసుకుంటే ముందు వెనుక లెక్క తప్పుతుంది. కంపెనీ చెప్పిన సైజే వేయాలి, గాలి సమానంగా ఉంచాలి. ఇంకోటి, చక్రాలు గిరగిర జారుతున్నప్పుడు లివరు వేయొద్దు. ఆపి, క్లచ్ తొక్కి వేయాలి. బురదలోకి దిగినాక కాదు, గట్టు మీద ఉండగానే వేయాలి.

నెలకు అరగంట, సీజనుకు ఒక పూట

నెలకు ఒకసారి మెత్తటి దుక్కిలో లివరు వేసి, కొంచెం దూరం ముందుకు, వెనక్కి నడిపి తీసేయండి. కడ్డీలు కదులుతాయి, కప్లింగు పట్టు తెలుస్తుంది. లివరు పిన్నులకు నూనె చుక్కలు, షాఫ్టు జాయింట్లకు, ఇరుసు పిన్నులకు గ్రీజు పెట్టండి. కరిగెట రోజుల్లో గ్రీజు ప్రతిరోజూ పెట్టాల్సిందే. సాయంత్రం ఇరుసుకు చుట్టుకున్న గడ్డి, తాళ్లు తీసేయండి.

సీజను ముందు ఒక పరీక్ష చేయండి. చదును నేల మీద ఇంజిన్ ఆపి, బండిని గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్లు పెట్టండి. ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపి, ఇరుసు కింద గట్టి దిమ్మె పెట్టండి. లివరు తీసి ఉంటే చక్రం చేత్తో తిరగాలి. లివరు వేస్తే తిరగకుండా పట్టేయాలి. లివరు వేసినా తిరుగుతుంటే కప్లింగు పట్టడం లేదని, లేదా లోపల ఏదో తెగిందని అర్థం. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఆట కనిపిస్తే బేరింగు చూపించాలి. ఈ పని నారు పోసేనాటికి చేస్తే, నాటు నాటికి బాగు చేయించుకోవడానికి మూడు నాలుగు వారాలు ఉంటాయి. కొన్ని లీటర్ల గేరాయిలు, రెండు సీళ్లతో పోయేదాన్ని వదిలేస్తే, ఇరుసు విప్పి క్రౌన్ పినియన్ మార్చేదాకా పోతుంది.

అంతా రైతు మీదే వేస్తే ఎట్లా?

ఇదంతా చదివి, "మళ్లీ తప్పు రైతుదేనా" అని అడిగేవాళ్లు ఉంటారు. అడగాలి కూడా. బండిని చూసుకోవడం మన బాధ్యతే. కానీ ఏ నూనె వేయాలో, ఎన్ని గంటలకు మార్చాలో చెప్పే పుస్తకం అర్థం కాని భాషలో ఉంటే డ్రైవరు ఏం చేస్తాడు? సబ్సిడీలు ప్రధానంగా కొనుగోలు చుట్టూనే తిరుగుతున్నాయి. 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకం యంత్రాలు కొనడానికి, కిరాయి కేంద్రాలు పెట్టడానికి డబ్బు ఇస్తుంది. కొన్న బండి పదేళ్లు నిలబడడానికి ఊళ్లో ఏం ఉంది? దక్షిణాదికి కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. సదాశివనగర్ డ్రైవరు, మెకానిక్ పని మానుకుని అంతదూరం పోయి నేర్చుకోవడం అయ్యే పనేనా?

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టర్ టైర్లు, గేర్‌బాక్సు, క్లచ్, బ్రేకు భాగాల వంటి వాటి మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అన్ని విడిభాగాలూ ఆ జాబితాలో లేవు. గేరాయిలు మీద 18 శాతమే ఉంది. బండిని బతికించే నూనె మీద బండి కంటే ఎక్కువ పన్ను ఏమిటని మనం అడగాలి. తగ్గిన పన్ను ధరలో కనిపించిందో లేదో చూడాలి. బిల్లు లేకుండా భాగం కొనొద్దు.

కొన్న యంత్రాన్ని బాగు చేసుకునే హక్కు గురించి 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ ఒక కమిటీ వేసింది. అది ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ యంత్రాలు ఒకటి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో దీని మీద చట్టమే చేసింది. యంత్రం బాగు చేసుకోవడానికి అవసరమైన పుస్తకాలు, భాగాలు, పనిముట్లు రైతుకూ, బయటి మెకానిక్‌కూ కంపెనీలు ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. 2024 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. మనకు అలాంటి చట్టం ఎందుకు ఉండకూడదు?

కాబట్టి వ్యవసాయ శాఖ ముందు మన మండల కమిటీ పెట్టాల్సిన కోరికలు ఇవి. ఏడాదికి రెండుసార్లు, నాట్లకు నెల ముందు, రైతు వేదికల దగ్గర ట్రాక్టర్ల తనిఖీ శిబిరం పెట్టాలి. డీలర్లను అక్కడికి రప్పించాలి. నూనె రకం, మార్చే గంటలు, రోడ్డు మీద లివరు వేయొద్దన్న హెచ్చరిక తెలుగులో బండి మీదే అతికించాలి. స్థానిక మెకానిక్‌లకు, డ్రైవర్లకు కామారెడ్డిలోనే చిన్న చిన్న శిక్షణలు పెట్టాలి. పాత మోడళ్ల భాగాలు సీజనులో దొరికేలా చూడాలి.

అడిగింది వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిన పని లేదు. మనకు ఏడాదిలో రెండు రోజులు ఎట్లాగూ ఉన్నాయి. ఏరువాక పున్నమి వానాకాలం ముందు వస్తుంది, దసరా యాసంగి ముందు వస్తుంది. దసరాకు బండి కడిగి, బొట్టు పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొడతాం. ఆ కడిగే రోజే ఇరుసు కింద బోల్టు కూడా విప్పి చూద్దాం. ఈ ఏడు దసరా దాటిపోయింది గనుక, నారు పోసే ఈ వారంలోనే ప్రతి గ్రామ కమిటీ ఒక పూట పెట్టుకోవాలి. ఊళ్లో ఉన్న ఫోర్‌వీల్ బండ్లన్నీ ఒకచోట నిలబెట్టి, తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చూపించాలి. కిరాయికి బండి పిలుచుకునే రైతులు కూడా రావాలి. రేపు వాళ్ల మడిలో దిగేది ఆ బండే.