మాటకు పక్కమాట

ఇంగ్లీషు మాటకు ఒక్క అర్థమే వల్లించి ఊరుకుంటే, పరీక్షలో ఆ మాటే మోసం చేస్తుంది. ఈ వారం ధవళేశ్వరం దగ్గర దొరికే మూడు మాటలు చూద్దాం.

ఆనికట్: నీరు మీదుగా పొర్లిపోయేలా నదికి అడ్డంగా కట్టిన గోడ. ఇంగ్లీషువారు తమిళం నుంచి తీసుకున్న మాట. మన ఆనకట్టకు తోబుట్టువు.
"కాటన్ బిల్ట్ ది ఆనికట్": కాటన్ ఆనకట్ట కట్టించాడు. 1847లో ఆరంభమైన ఆ పని 1852లో ముగిసింది.

బ్యారేజ్: ఇదీ అడ్డుకట్టే, కాని తలుపులుంటాయి, నీటిని ఆపవచ్చు, వదలవచ్చు. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది ఇదే. యుద్ధంలో శత్రువుకు అడ్డుగోడలా ఎడతెగక గుళ్లు కురిపించడమూ బ్యారేజే. అక్కడినుంచి ప్రశ్నలకూ వచ్చింది.
"హి ఫేస్డ్ ఎ బ్యారేజ్ ఆఫ్ క్వశ్చన్స్": అతనిమీద ప్రశ్నల వర్షం కురిసింది.

లాక్: తాళమని అందరికీ తెలుసు. కాని "ది బోట్ ఈజ్ వెయిటింగ్ ఎట్ ది లాక్" అన్నదానికి, పడవ తాళం దగ్గర కాచుకుని ఉందని రాస్తే మార్కు పోయినట్టే! కాలవలో రెండుచోట్ల తలుపులు పెట్టి, నడుమ నీటిని పెంచీ తగ్గించీ పడవను దాటించే కట్టడం ఇది. మన పడవవాళ్లు నిఘంటువు చూడకుండానే దాన్ని "లాకు" చేసుకున్నారు.

కనుక కొత్త మాట ఎదురైతే ముందు దాని పక్కమాటలు చూడండి. పక్కన ఉన్నది పడవా, బీరువా? సగం అర్థం అక్కడే దొరుకుతుంది. మిగతా సగానికి నిఘంటువు ఉండనే ఉంది.