ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను: నాడును, నేడును

తిరుమలగిరి కూడలిలో నిలిచి ఈసీఐఎల్ ఎక్కడ అని అడిగినచో ఎవరైనను తూర్పుదిక్కునకు చేయి చూపుదురు. అడిగినది కర్మాగారమును గూర్చియా, చౌరస్తాను గూర్చియా యని మారుప్రశ్న వేయువారు లేరు. పేరు ఊరికి స్థిరపడినది. ఆల్విన్ కర్మాగారము పోయినది, ఆల్విన్ కాలనీ మిగిలినది. దీనికిని అట్టి గతియే పట్టునా యని పలువురు శంకించుచున్నారు. ఇది యిప్పటికిని సాంకేతిక సంస్థయేనా యను ప్రశ్న ఆ శంకనుండి పుట్టినదే.

ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1967 ఏప్రిల్ 11వ తేదీన అణుశక్తి శాఖ క్రింద హైదరాబాదున నెలకొన్నది. దానికి ప్రాణము పోసినవారు గోదావరి సీమలో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. ఐ.బి.యం. కంపెనీ తన పాతయంత్రములను మనకు అద్దెకిచ్చి లాభము గడించుచున్న దినములలో, 1969లో, ఈ సంస్థ టీడీసీ-12 అను కంప్యూటరును దేశమునకు సమర్పించినది. పిమ్మట టీడీసీ-312, టీడీసీ-316 వెలువడినవి. ఈసీ టెలివిజను మధ్యతరగతి గృహములలో వెలసినది. అవి మన యింజనీర్లు తమ బుద్ధితో రూపొందించిన వస్తువులు. నాడీ ప్రశ్న వేయువాడే లేడు.

నేడు ఆ కంప్యూటర్ల వంశము ఎచ్చట? అంగడిలో దాని జాడ లేదు. ఆ టెలివిజనును ఎరిగినవారు ముదుసలులు. దీనిని జూచి, సంస్థ పని తీరిపోయినదనువారు కలరు. వారితో మేము ఏకీభవింపజాలము. 2004 లోకసభ ఎన్నికలు దేశమంతటను జరిగిన ఓటింగు యంత్రములను తయారుచేసిన రెండు సంస్థలలో ఇది యొకటి. 2008లో చంద్రయానమునకై బెంగుళూరు చెంత బ్యాలాలులో నిలిపిన 32 మీటర్ల యాంటెనా వీరి పనియే. లడాఖులోని హాన్లేలో 2024 అక్టోబరున ప్రారంభమైన మేస్ దూరదర్శినియు వీరి చేతులమీదుగా నిర్మితమైనది. అణువిద్యుత్కేంద్రముల నియంత్రణ పరికరముల మాట చెప్పనక్కరలేదు.

అయినను శంక పూర్తిగా తీరదు. నిఘా కెమేరాల వ్యవస్థలను అమర్చు పనులను కూడ ఈ సంస్థ చేపట్టుచున్నది. ఒకరివద్ద కొని, మరియొకచోట బిగించి, బిల్లు వ్రాయుట వర్తకము. అది తప్పు గాదు. కాని గుంజలు అద్దెకు దెచ్చి పందిరి వేసినవానిని వడ్రంగి యనము గదా! ప్రభుత్వ సంస్థయను పేరుతో లభించు కాంట్రాక్టులలో తన రూపకల్పన యెంత, కొన్న సరకెంత యనునది ప్రజలకు తెలియవలయును. ఆదాయము పెరిగినదని చూపినంతమాత్రమున ఈ ప్రశ్నకు సమాధానము కాదు; దళారికిని ఆదాయము పెరుగును.

కావున సంస్థ వార్షిక నివేదికలో స్వంత రూపకల్పనవలన వచ్చిన రాబడిని, కొని అమర్చిన సరకువలన వచ్చిన రాబడిని రెండు పద్దులుగా విడదీసి చూపవలయునని మేము కోరుచున్నాము. జంటనగరముల లోకసభ సభ్యులు వచ్చు సమావేశములో ఈ లెక్క అడుగుదురా?