‘సహజ మరణం’ అనే ముద్ర

టెక్సాస్‌లో వృద్ధ మహిళలను చంపిన బిల్లీ చెమిర్మిర్ కథను చాలామంది అతని చావు దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగించారు. 2023 సెప్టెంబరు 19న టెక్సాస్‌లోని కాఫీల్డ్ జైలులో తోటి ఖైదీ చేతిలో హతమయ్యాడు కాబట్టి పాపం పండిందట, లెక్క సరిపోయిందట. సరిపోలేదు. అతనిపై మోపిన హత్యాభియోగాలు 22. తీర్పు వచ్చినవి రెండే, రెండూ డాలస్ కౌంటీవే. ఫ్రిస్కో, ప్లేనో కేసులున్న కాలిన్ కౌంటీలో ఒక్క విచారణా జరగలేదు. నిందితుడు పోతే కేసూ పోతుంది.

ప్రాసిక్యూటర్లు మరణశిక్ష కోరకపోవడమే తప్పన్న వాదనతో నేను ఏకీభవించను. టెక్సాస్‌లో క్యాపిటల్ మర్డర్‌కు ఉన్నవి రెండే శిక్షలు: మరణదండన, పెరోల్ లేని యావజ్జీవం. 2021 నవంబరులో జ్యూరీ 11–1గా చీలి తొలి విచారణ వీగిపోయినా, 2022 ఏప్రిల్‌లో లూ థి హ్యారిస్ హత్యకు, అక్టోబరులో మేరీ బ్రూక్స్ హత్యకు రెండో శిక్షే పడింది. అతను ఇక బయటికొచ్చే దారి లేదు. వైఫల్యం కోర్టులో లేదు. అంతకు చాలా ముందే, మరణ ధ్రువపత్రం మీద జరిగింది.

మృతులు ఎక్కువగా సీనియర్ అపార్ట్‌మెంట్లలో ఒంటరిగా ఉండే వృద్ధ మహిళలు. మరమ్మతు పనివాడిననో, మరో పేరు చెప్పో లోపలికొచ్చేవాడు. దిండుతో ఊపిరాడకుండా చేసి, నగలు పట్టుకుపోయి అమ్ముకునేవాడు. మెత్తటి దిండు పెద్దగా గుర్తులు మిగల్చదు. వయసు ఎనభై దాటింది కదా అని చాలా మరణాలను సహజమని రాసేశారు. ఉంగరం కనిపించడం లేదని పిల్లలు మొత్తుకుంటే అది విడిగా ఒక దొంగతనం అయింది. శవం ఒక ఫైలు, నగ ఇంకో ఫైలు. 2017 అక్టోబరులో ఫ్రిస్కోలో 93 ఏళ్ల మహిళ దాడి నుంచి బతికి బయటపడినా ఆ ఫైళ్లు కలవలేదు. 2018 మార్చిలో ప్లేనోలో 91 ఏళ్ల మరో మహిళ ప్రాణాలతో మిగిలాకే పోలీసులు అతని వెంటపడ్డారు. చెత్తడబ్బాలో అతను పారేసిన నగల పెట్టె వారిని హ్యారిస్ ఇంటికి నడిపించింది.

చట్టం లేక ఇలా జరిగిందా? కాదు. టెక్సాస్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్టికల్ 49.25 చదవండి. నమ్మదగిన సాక్షి లేకుండా సంభవించిన మరణాన్ని మెడికల్ ఎగ్జామినర్ విచారించాల్సిన వాటి జాబితాలో అది పేర్కొంటుంది. ఆ విచారణలో కారణం సహేతుక సందేహానికి తావులేకుండా తేలితే నివేదిక ఇవ్వాలనీ అంటుంది. హంతకుడికి శిక్ష వేయడానికి అడిగే ప్రమాణమే ఇది! తలుపు మూసిన గదిలో ఒంటరి ముసలమ్మ మరణానికి ఇంతకన్నా స్పష్టమైన మాట ఏముంటుంది? మాట ఉంది, పాటించే అలవాటే లేదు. వయసునే సాక్షిగా నిలబెట్టారు.

ఇది అమెరికా జాడ్యం మాత్రమే అనుకోవద్దు. 2019లో ఏలూరులో బయటపడ్డ సయనైడ్ ప్రసాదం కేసు గుర్తుంది కదా. ఇరవై నెలల్లో పది హత్యలని పోలీసులు చెప్పారు. గుండెపోటని నమ్మి కొందరికి అంత్యక్రియలూ చేసేశారు. ఒక కుటుంబం అనుమానించాకే తీగ కదిలింది.

ఫ్రిస్కోలో హతురాలైన మార్లిన్ బిక్స్లర్ పేరిట 2021లో టెక్సాస్ ఒక చట్టం చేసింది. మరణ కారణాన్ని సవరిస్తే ఆ సంగతి కుటుంబానికి తెలియజేయాలన్నది దాని సారం. మంచిదే. కానీ అది తప్పు దిద్దాక చెప్పే కబురు. తప్పు జరగకుండా ఆపేది మొదటి పరీక్షే.

ఫ్రిస్కోలో వేల తెలుగు కుటుంబాలున్నాయి. ఆ ఇళ్లలో అమ్మానాన్నలూ పెద్దవాళ్లవుతున్నారు. రేపు ఎవరైనా ‘వయసైపోయింది కదా’ అని సంతకం పెట్టబోతే, ఒక్క ప్రశ్న అడగండి: ఎవరు చూశారు?