అద్దాల బీరువాలో గిటారు

మొన్న మిచిగన్‌లో ఉన్న మా బావమరిది ఇంటికి వెళ్ళాం. పాత ‘ఆర్చ్‌టాప్’ గిటార్లంటే అతనికి ప్రాణం. ఆ రాష్ట్రంలోనే, కలమజూ ఊళ్ళో, గిబ్సన్ కంపెనీ 1922లో ‘ఎల్-5’ గిటారు తయారుచేసింది. పైపలకను ఫిడేలుకు మల్లే కమానుగా చెక్కి, ఫిడేలుకున్నట్టే రెండు రంధ్రాలు పెట్టారు. ఎలక్ట్రిక్ గిటార్లు రాని రోజుల్లో బాండుమేళపు బాకాల మధ్య కూడా దాని గొంతు వినబడేదట! ఆ వంశంలోదొకటి ఇతని అద్దాల బీరువాలో ఉంది.

“ముట్టుకోకండి బావగారూ! గీత పడితే విలువ పోతుంది.”

మా ఆవిడ ఊరుకుంటుందా? “అమ్మ వీణను అటకెక్కించినప్పుడూ ఇదే అన్నావురా తమ్ముడూ. దించేసరికి కుండ బీటలు తీసింది” అంది.

అతను మాట్లాడలేదు. రాత్రి భోజనాలయ్యాక బీరువా తాళం తీశాడు. శ్రుతి చేసి మీటాడు. వేళ్ళు తడబడ్డాయి. అయినా మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

విలువ ఎంత తగ్గిందో నేనడగలేదు.