మౌనం అంగీకారమగునా?

తుపాకి గాయంతో అపార రక్తస్రావమై గుండె ఆగిపోయిన మనిషిని బ్రతికించడం మిక్కిలి దుర్లభం. 37 డిగ్రీల సహజ దేహోష్ణం వద్ద ప్రాణవాయువు అందని మెదడు సుమారు 5 నిమిషాలకే దెబ్బతింటుంది. గాయాన్ని సరిచేయడానికి ఆ వ్యవధి చాలదు. అందుచేత అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో డాక్టర్ శామ్యూల్ టిషర్‌మన్ బృందం ఒక సాహసోపేత ప్రయోగానికి పూనుకొన్నది. బృహద్ధమనిలోనికి మంచువలె చల్లని సెలైన్ ఎక్కించి, దేహాన్ని 10-15 డిగ్రీలకు చల్లబరచడమే ఆ పద్ధతి. చలువకు కణాల ప్రాణవాయువు అవసరం తగ్గి, శస్త్రచికిత్సకు సుమారు 2 గంటలు లభిస్తాయని వారి ఆశ. కనీసం ఒక రోగిపై దీనిని ప్రయోగించినట్లు 2019లో వెల్లడించారు.

మరి స్పృహలేని రోగి అనుమతిని పొందడమెట్లు? అక్కడి ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఆ నిబంధనను సడలించింది. పరిశోధకులు స్థానిక ప్రజలతో ముందే చర్చించి, పత్రికా ప్రకటనలిచ్చి, ఇష్టంలేనివారు తప్పుకొనే వీలు కల్పించారు.

ఆ సడలింపు సమంజసమేనని నా అభిప్రాయం. అనుమతికై వేచియుంటే మిగిలేది మరణమే. కాని పత్రిక చదువనివాని మౌనాన్ని అంగీకారంగా భావించడం న్యాయం కాదు. ప్రయోగ విషయాన్ని ప్రతి వాడకూ, వారి వారి భాషలోనే చేర్చవలె. విద్యార్థి సోదర సోదరీమణులారా! రేపు మనలో వైద్యులు కాబోవువారున్నారు. నిస్సహాయుని ప్రాణంతోపాటు అతని మాటకు గల విలువను కూడ కాపాడడం వైద్యధర్మమని మరువకుందుము గాక!